నాలుగు వందల పదకొండో పేరు

నోటీసు వచ్చిన రోజున ఎస్తర్ టీచరమ్మ అంగన్‌వాడీలో పిల్లలకు మూడుసార్లు హాజరు వేసింది. ఒకసారి పద్నాలుగు మంది తేలారు, ఒకసారి పదమూడు, మళ్ళీ పద్నాలుగు. నాలుగోసారి మొదలుపెట్టబోతుంటే ఆయా మహబూబ్‌బీ వచ్చి చేతిలో పుస్తకం లాక్కుంది.

"ఆ బుడ్డోడు ఒంటికి పోయినాడు టీచరమ్మా. వాడొచ్చే లోపల ఇంగొకడు పోతాడు. ఈ పొద్దు నువ్వు ఎన్నిసార్లు ఎంచినా కుదిరేది లే. కాసేపు కూకో."

టీచరమ్మ కూర్చుంది. కూర్చున్నట్టే కూర్చుని లేచింది. పప్పు గిన్నె మీద మూత తీసి చూసింది, పెట్టింది. కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి చూసింది. వీధిలో చూడడానికి ఏమీ లేదు. మళ్ళీ వచ్చి ఆ నోటీసు విప్పింది.

వచ్చే మంగళవారం పదకొండు గంటలకు జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసులో హాజరు కావాలి. ఎర్రమిట్టపల్లె ఓటర్ల జాబితాలో నాలుగు వందల పదకొండో నంబరు పేరు గురించి విచారణ. సంబంధిత కాగితాలు తెచ్చుకోవాలి.

ఆ నంబరు ఎవరిదో ఆమెకు జాబితా చూడకుండానే తెలుసు. క్రిస్టోఫర్. ఆమె భర్త. పోయి రెండున్నరేళ్ళయింది.

ఎర్రమిట్టపల్లె జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ ఉంటుంది. ఎస్తర్ అక్కడ అంగన్‌వాడీ టీచరుగా చేరి పదిహేడేళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట ఊరి ఓటర్ల జాబితా చూసుకునే పని కూడా ఆమెకే అప్పజెప్పారు. ఆఫీసువాళ్ళు బీఎల్వో అంటారు. ఊళ్ళోవాళ్ళు ఓట్ల టీచరమ్మ అంటారు. పద్దెనిమిది నిండినవాళ్ళ పేరు ఎక్కించాలి, కాపురానికి వచ్చిన కోడళ్ళ పేరు ఎక్కించాలి, బెంగుళూరుకు పనికి పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళ పేరు తీసేయాలి. చనిపోయినవాళ్ళ పేరు తీసేయాలి.

ఈ చివరి పని ఎవరికీ ఇష్టం ఉండదు. చచ్చిపోయిన మనిషి ఇంటికి పోయి, ఏడో నంబరు ఫారం ముందర పెట్టి, ఇక్కడ సంతకం చేయండి అనడానికి నోరు రావాలి కదా. ఎస్తర్ దానికొక పద్ధతి పెట్టుకుంది. హిందువుల ఇళ్ళకు పెద్దదినం అయినాక పోయేది. సాయిబుల ఇళ్ళకు నలభయ్యో రోజు దాటినాక. తన మతంవాళ్ళకైతే ఆదరణ కూడిక జరిగినాక. ఎంత ఆలస్యమైనా రెండు నెలలు దాటనిచ్చేది కాదు. ఏడుస్తున్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పేదంతా విని, చివరికి పెన్ను తీసేది. జమ్మలమడుగు తాలూకాలో ఇంత శుభ్రంగా ఉన్న జాబితా లేదని ఒకసారి ఎమ్మార్వో అందరి ముందూ అన్నాడు.

అలాంటి మనిషి తన ఇంటి పేరు తీయలేదు.

తీయకూడదని అనుకోలేదు. క్రిస్టోఫర్ సిమెంటు లారీ తోలేవాడు. చిలమకూరులో లోడు ఎక్కించుకుని, పులివెందులలో దించి, అక్కడ అక్క ఇంట్లో అన్నం తిని వస్తానని పోయాడు. అక్కడే గుండె నొప్పి, అక్కడే ఆస్పత్రి, అక్కడే అయిపోయింది. అక్కడే చర్చి సమాధుల దొడ్లో పెట్టారు. మరణం పులివెందులలో నమోదైంది. ఎర్రమిట్టపల్లె సచివాలయానికి ఏ కాగితమూ రాలేదు. జాబితాలో ఆ పేరు పోవాలంటే ఎస్తర్ ఒక్కతే పూనుకోవాలి. ఆమె రెండుసార్లు ఫారం తీసి ముందర పెట్టుకుంది. అర్జీదారు పేరు దగ్గర తన పేరు రాయాలి, విచారించిన అధికారి పేరు దగ్గరా తన పేరే రాయాలి. రెండుసార్లూ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయింది.

జాబితా మాత్రం ఆగలేదు. ఏడాదికోసారి కొత్తగా అచ్చువేస్తారు, అందరి వయసూ ఒకటి పెరుగుతుంది. నలభై తొమ్మిదో ఏట పోయిన మనిషి ఆ జాబితాలో యాభై నిండి, యాభై ఒకటిలో పడ్డాడు.

ఓట్లకు ముందటి చలికాలంలో సచివాలయంలో జాబితా చదివే రోజు వచ్చింది. చదవాల్సింది ఆమే. ఊరంతా వింటుంది, అభ్యంతరాలు ఉంటే అప్పుడే చెప్పాలి. ఒక పార్టీ తరఫున వెంకటేష్, ఇంకో పార్టీ తరఫున వలి బాషా ముందు వరసలో కూర్చున్నారు. ఇద్దరూ ఒకరి మనుషుల పేర్లు ఒకరు పీకేయించాలని చూసేవాళ్ళే. ఆ రోజు మధ్యాహ్నం దాకా ముప్పై ఎనిమిది పేర్ల మీద కొట్లాడారు. "వాడు హైదరాబాదులో అపార్టుమెంటు కొనింటే ఈడ ఓటేంది?" అని ఒకరు, "మీ బామ్మర్ది దుబాయిలో ఒంటెలు కాస్తాంటే ఈడ వాని ఓటు ఎవరు కాస్తాండారు?" అని ఒకరు.

నాలుగు వందల పది చదివింది. తర్వాతది కూడా చదివింది. "క్రిస్టోఫర్, వయసు యాభై ఒకటి." బతికున్న మనిషి పేరు చదివినట్టే చదివింది. గొంతు కూడా మారలేదు.

వెంకటేష్ నోరు తెరిచి మూసుకున్నాడు. వలి బాషా తన చెప్పుల వైపు చూసుకున్నాడు. అంత సేపూ పిల్లీ కుక్కా మాదిరి కొట్లాడిన ఆ ఇద్దరూ ఆ ఒక్క పేరు దగ్గర ఒక్కటై ఊరుకున్నారు. ఆడమనిషి, మొగుడు పోయినాడు, ఆమెకు తెలీకనా అని. నాలుగు వందల పన్నెండు తన పేరు. అది చదివేసి ఆమె ముందుకు పోయింది.

ఓట్ల ముందర ఇంటింటికీ చీటీలు పంచాలి, తీసుకున్నవాళ్ళ చేత రిజిస్టరులో సంతకం పెట్టించాలి. క్రిస్టోఫర్ పేరు మీద కూడా ఒక చీటీ వచ్చింది. చనిపోయినవాళ్ళ చీటీలు ఆఫీసుకు తిరిగి ఇచ్చేయాలని ఆమెకు తెలుసు. అయినా రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా 'భార్య' అని రాసి సంతకం పెట్టింది. చీటీ ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టి, మరుసటి రోజు తీసి బీరువాలో పెట్టింది.

ఆ ఏడు ఢిల్లీ ఓట్లూ రాష్ట్రం ఓట్లూ ఒకే రోజు పడ్డాయి. ఫలితాలు వచ్చినాక మొదలైంది అసలు రభస. ఓడినవాళ్ళు జాబితాలు దొంగవన్నారు, మిషన్లు దొంగవన్నారు. గెలిచినవాళ్ళు ఏడుపుగొట్టు మొహాలన్నారు. టీవీలో ఢిల్లీ నుంచి కడప దాకా అదే అరుపు. ఊళ్ళో ఉన్న రెండు టీ కొట్లనూ రెండు పార్టీలూ పంచుకున్నాయి. అటు తాగేవాడు ఇటు తాగడు. ఒక సాయంత్రం ఒక కొట్టు బెంచీ విరిగింది, మరుసటి రోజు ఇంకో కొట్టు బోర్డు మీద రాయి పడింది. పాతికేళ్ళ కిందటి ముఠా కక్షల రోజులు చూసినవాళ్ళు పొద్దు గూకక ముందే తలుపులు వేసుకోసాగారు.

ఓడింది వెంకటేష్ పార్టీ. జమ్మలమడుగులో ఉన్న ఆ పార్టీ పెద్దలు సమాచార హక్కు కింద చీటీల రిజిస్టర్లు తెప్పించుకుని, పేర్లు పట్టుకుని ఫోన్లు చేయించారు. క్రిస్టోఫర్ కోసం లారీ ఆఫీసుకు చేస్తే, ఆయన పోయి శానా రోజులైందే అన్నారు ఎవరో. అంతే. చచ్చిన మనిషి చీటీ ఇచ్చినట్టు సంతకం ఉంది, ఇచ్చింది అధికారే, కాబట్టి ఆ ఓటు పడింది, కాబట్టి ఊరి జాబితా మొత్తం దొంగది, కాబట్టి ఆ బూతులో మళ్ళీ ఓట్లు పెట్టాలి అని అర్జీ పెట్టారు. వాట్సాప్‌లో ఆమె సంతకం చుట్టూ ఎర్ర గుండ్రం గీసి తిప్పారు. ఓడిన పార్టీ ఇళ్ళవాళ్ళు పిల్లల్ని అంగన్‌వాడీకి పంపడం మానేశారు. ఇరవై ఆరు మంది పిల్లలు పద్నాలుగయ్యారు.

నోటీసు వచ్చిన సాయంత్రమే వెంకటేష్ ఇంటికి వచ్చాడు. గడప దాటకుండా నిలబడ్డాడు.

"అక్కా, మా పెద్దోళ్ళు ఒక మాట చెప్పమన్నారు."

"చెప్పప్పా."

"నీ మీద మాకేం కోపం లే. బెదిరించి పేరు ఉంచమన్నారని చెప్పు, అంతే. గెలిచిన పార్టీ వాళ్ళు ఇంటి కాడికొచ్చి, పేరు తీస్తే నీ కూతురు ప్రొద్దుటూర్లో ఎట్ల పని చేస్తాదో చూస్తామన్నారని చెప్పు. మా వకీలు ఉంటాడు ఆడ. నీ ఉద్యోగానికి ఏం కాదు."

"బెదిరించినారా?"

"ఎవరు?"

"అదే నేనూ అడుగుతాండా. ఎవరొచ్చి బెదిరించినారు? పేరు చెప్పాల గదా ఆర్డీవో మేడం అడిగితే. ఎవరి పేరు చెప్పేది? వలి బాషా పేరు చెప్పేదా?"

వెంకటేష్ ద్వారబంధం మీద గోరుతో గీశాడు. "బాషా వద్దులేక్కా. వాడు... ఎవరో ఒకరు. మొహానికి గుడ్డ కట్టుకోనుండారని చెప్పు."

"మంచి ఆలోచనే. రేపు ఊర్లో దుమ్ముకు గుడ్డ కట్టుకున్నోడల్లా లోపలికి పోతాడు."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. మంచినీళ్ళు అడక్కుండానే పోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే వలి బాషా వచ్చాడు. అతను క్రిస్టోఫర్‌ను అన్నా అని పిలిచేవాడు, అందుకే ఈమె వదిన. ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీశాడు. అప్పటికే నింపిన ఏడో నంబరు ఫారం. రెండేళ్ళ కిందటి తేదీ వేసి ఉంది. సంతకం ఒక్కటే ఖాళీ.

"వదినా, నువ్వు ఆ పొద్దే ఇచ్చినావు, ఆఫీసులో పారేసినారు. అంతే కథ. ఆఫీసులో నూరు కాగితాలు పోతాయి, నూటొకటోది పోయిందంటే ఎవరు కాదంటారు?"

"ఈ రాత ఎవరిది బాషా?"

"ఎవరిదైతే ఏంది?"

"నా రాత మాదిరి రాయబోయినారు. నేను తేదీ ఇట్ల వేయను." ఆమె కాగితం తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసి, కవరులో పెట్టేసింది. "ఆఫీసులో ఆ గుమాస్తా అబ్బాయి ఉండాడు గదా. నేనిచ్చిన ప్రతి కాగితానికీ ముద్రేసి రసీదు ఇచ్చినోడు. వాని మీద వేయమంటావా?"

"వాడు మనోడు కాదు గదా వదినా."

"ఎవరోడైతేనేం. వాడు పారేయలే గదా."

వలి బాషా కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ మంచికే చెప్తాండా. నిజం చెప్తే నీ ఉద్యోగం పోతాది. మా వాళ్ళూ కాపాడరు, వాళ్ళ వాళ్ళూ కాపాడరు."

అది ఆమెకు తెలుసు. తెలిసినందుకే కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. అతను పోయినాక వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. రెండు అబద్ధాలు ఆమె ముందర ఉన్నాయి, ఏది చెప్పినా అన్నం దొరుకుతుంది. నిజం చెబితే ఇంటింటికీ తిరిగి అందరి మొహం మీదా అడిగిన మాట తన మొహం మీద తాను ఎందుకు అడగలేదో నలుగురిలో చెప్పాలి.

శుక్రవారం సెలవు పెట్టి ప్రొద్దుటూరు బస్సెక్కింది. కూతురు కెరోలిన్ అక్కడ చీరల కొట్లో పని చేస్తుంది. కొట్టు ఇంకా తెరవలేదు, మెట్ల మీద కూర్చుని ఇద్దరూ ఇడ్లీ పొట్లం విప్పుకున్నారు. ఎస్తర్ ఒక ఇడ్లీని నలభై ముక్కలు చేసింది గానీ ఒక్క ముక్కా నోట్లో పెట్టుకోలేదు.

"బాషా చిన్నాయన చెప్పినట్టు సంతకం పెట్టేయమ్మా," అంది కెరోలిన్. "ఆఫీసుకు ఏం పోతాది? ఆఫీసంటే గోడలు, బీరువాలు. దానికేమన్నా కడుపుందా?"

"మనూర్లో ఆఫీసంటే యాడుంది పాపా? నేనే గదా. ఆ లిస్టు సంకలో పెట్టుకోని ఎండలో తిరిగినప్పుడు జనం నన్ను చూసి సంతకాలు పెట్టినారు. ఆఫీసు దొంగదని నేనే చెప్తే ఆ సంతకాలన్నీ ఏం కావాల?"

"మరి నాయన పేరెందుకు తీయకపోతివి?"

పిల్ల కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగింది. ఎస్తర్ చేతిలో పొట్లం మడిచి, ఇంకా చిన్నగా మడిచి, లేచి నిలబడింది. "పులివెందుల బస్సుకు టైమైంది," అంది. బస్సుకు ఇంకా అరగంట ఉంది.

పులివెందులలో క్రిస్టోఫర్ అక్క ప్రేమమ్మ తలుపు తీసి ఆమెను చూడగానే, ఏమీ అడగకుండా లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. మరణ ధ్రువపత్రం ఆ పెట్టెలోనే ఉంది. అప్పట్లో ప్రేమమ్మ ఇవ్వబోతే, నా ఇంట్లోకి ఆ కాగితం తేనని ఎస్తరే అక్కడ వదిలిపోయింది.

"అడుగుతావు, అడుగుతావు అని పెట్టుకోనుండా," అంది ప్రేమమ్మ. "పండగకు వస్తివి, అడగలే. పెండ్లికి వస్తివి, అడగలే. వాడు నా చేతుల్లో పాయె ఎస్తరా. నేను చూస్తి. నువ్వు వచ్చేసరికి అంతా అయిపాయె. నువ్వు చూడకపోతివని నేనూ ఒత్తిడి చేయలే."

"నీకెట్ల తెలుసు నేను దీనికే వచ్చినానని?"

"నీ సంతకం మా ఫోన్లో కూడా వచ్చె. ఎర్ర గుండ్రం." ప్రేమమ్మ కాగితం మడత సరిచేసి ఇచ్చింది. "సమాధి కాడికి పోయొస్తామా?"

"మంగళవారం కానీలే వదినా." కాఫీ సగం తాగి గ్లాసు పెట్టేసింది. బస్సులో సీటు దొరికినా ముద్దనూరు దాకా నిలబడే వచ్చింది.

మంగళవారం రెండు పార్టీలూ కార్లు పంపుతామన్నాయి. ఆమె బస్సుకు పోయింది. అదే బస్సులో ముందు వైపు వెంకటేష్ ఎక్కాడు, వెనక వైపు వలి బాషా. ఆమె నడుమ. టిక్కెట్టు కొట్టే కండక్టరు ముగ్గురినీ చూసి, "ఏం టీచరమ్మా, రెండు పక్కలా బందోబస్తు పెట్టినారే," అన్నాడు.

ఆర్డీవో మేడం బల్లకు ఒక పక్క ఓడిన పార్టీ వకీలు, వెంకటేష్. ఇంకో పక్క గెలిచిన పార్టీ నాయకుడొకడు, వలి బాషా. ఎస్తర్‌ను కూర్చోమన్నారు. కూర్చుంటే మాట రాదనిపించి నిలబడింది.

"నాలుగు వందల పదకొండు మీ భర్తేనా?"

"అవును మేడం."

"బతికే ఉన్నాడా?"

"లేడు. రెండున్నరేండ్లాయె."

"మరి పేరు తీయడానికి ఫారం ఇచ్చినారా?"

గెలిచిన పార్టీ నాయకుడు గొంతు సవరించుకున్నాడు. వకీలు కుర్చీలో ముందుకు జరిగాడు. ఒక్క మాట అటు చెప్పినా, ఒక్క మాట ఇటు చెప్పినా చాలు. ఎస్తర్ చేతిసంచి జిప్పు తీసి, వేసి, తీసింది.

"ఇయ్యలే మేడం. ఆఫీసు తప్పేం లే. నేనే రాయలే."

"ఎవరన్నా వద్దన్నారా? బెదిరించారా?"

"ఎవరూ వద్దనలే. తీయమని కూడా అనలే. ఎవరన్నా గట్టిగా అడిగింటే తీసిందునేమో."

"ఎందుకు తీయలేదు?"

"ఊర్లో అందరి ఇండ్లకూ పోయి అడుగుతి మేడం," అంది. "నా ఇంటికి వచ్చి అడిగేటోళ్ళు ఎవరూ లేకపోయిరి." తర్వాత సంచిలోంచి ఓటరు చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది తిరిగి ఇయ్యాల్సింది. ఇచ్చినట్టు సంతకం పెట్టి ఇంట్లో పెట్టుకుంటి. అదీ తప్పే. కానీ ఆ ఓటు పడలే."

"చీటీ ఇంట్లో ఉంటే ఓటు పడలేదని రుజువేంది మేడం?" వకీలు లేచాడు. "ఆధారు కార్డు చూపించి వేస్తారు. ఓటు పడింది. ఇట్లాంటివి ఆ ఊర్లో యాభై ఉన్నాయి."

మేడం రెండు పార్టీల ఏజెంట్లు వెంకటేష్, వలి బాషాల వైపు తిరిగింది. ఓట్ల రోజున ఏజెంట్లు బూతులో కూర్చుని, ఓటేసిన ప్రతి మనిషి పేరు పక్కనా తమ ప్రతిలో టిక్కు పెట్టుకుంటారు. "మీ ప్రతులు ఉన్నాయా?"

వలి బాషా వెంటనే తీసి ఇచ్చాడు. నాలుగు వందల పదకొండు పక్కన ఖాళీ.

"వాళ్ళ ప్రతి వాళ్ళకు అనుకూలంగానే ఉంటుంది," అన్నాడు వకీలు. "మా అబ్బాయి ప్రతి ఓట్ల రోజు గందరగోళంలో పోయింది."

వెంకటేష్ తల వంచుకుని కూర్చున్నాడు. అతని ఒళ్ళో బట్ట సంచి ఉంది. మేడం ఆ సంచి వైపు చూసింది. అతను సంచి కింద పెట్టాడు, మళ్ళీ పైకి తీసుకున్నాడు.

"పోలేద్సార్," అన్నాడు చివరికి. "ఉండాది."

"వెంకటేష్!"

"ఉండాదంటే ఉండాది సార్. ఏం చేయమంటావు? పదకొండు గంటలు కూకోని పెట్టిన టిక్కులు. నీళ్ళు తాగనీకి కూడా లేవలే." మాసిపోయిన ప్రతిని బల్ల మీద పెట్టాడు. "చూడండి మేడం. నాలుగు వందల పదకొండు ఖాళీ. మాకు ఓట్లు తక్కువ పడినాయి, అది నిజం. నేనూ రెండు రోజులు అన్నం తినలే. కానీ మా బూతులో దొంగ ఓటు పడలే. పడింటే నేనుండి ఎట్ల పడనిస్తా?"

"మేమిద్దరముండి ఎట్ల పడనిస్తాం అనాల," అన్నాడు వలి బాషా మెల్లగా.

"నువ్వు మూసుకో. మూడు గంటలప్పుడు కునుకు తీసింది నువ్వే."

మేడం రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ పేజీ ఒక్కటే కాదు, మొదటి నుంచి చివరి దాకా తిప్పించి గుమాస్తా చేత సరిచూపించింది. రెండు పార్టీల టిక్కులూ ఒక్క పేరూ తేడా లేకుండా సరిపోయాయి. గంటన్నర పట్టింది. అంత సేపూ ఎస్తర్ నిలబడే ఉంది.

"చలికాలంలో జాబితా చదివినప్పుడు మీరిద్దరూ ఉన్నారు కదా," అంది మేడం. "ఆయన చనిపోయాడని తెలియదా?"

"తెలుసు మేడం," అన్నాడు వెంకటేష్.

"తెలుసు," అన్నాడు వలి బాషా. "ఆమె మొహం చూసి ఎవరం నోరు తెరవలే."

"ముప్పై ఎనిమిది పేర్లకు అభ్యంతరం రాసిచ్చినోళ్ళు ఈ ఒక్కటి ఎందుకు రాయలేదు? ఆమెకు ఉపకారం చేసినామనుకున్నారు. ఆమె పీకల మీదికి తెచ్చినారు, ఊరి మీదికి తెచ్చినారు. అదీ రాసి సంతకం పెట్టండి."

ఇద్దరూ ఒకే పెన్నుతో రాశారు. ఎస్తర్‌ను జాబితా పని నుంచి ఆ క్షణమే తప్పించారు. ఉద్యోగం సంగతి ఆమె శాఖ వాళ్ళు చూసుకుంటారు, అక్కడి నుంచి మెమో వస్తుందని చెప్పారు. ఏడో నంబరు ఫారం ఇచ్చారు. ఆమె బల్ల చివర వంగి నింపింది. అర్జీదారు పేరు రాసింది. విచారించిన అధికారి పేరు దగ్గర ఈసారి ఖాళీ వదిలింది. దానికి ధ్రువపత్రం జత చేసింది. అప్పుడు గానీ కూర్చోలేదు.

బయట వకీలు వెంకటేష్‌ను కారు దగ్గర నిలబెట్టి తిట్టడం అందరికీ వినిపించింది. కారు అతన్ని వదిలేసి పోయింది. వలి బాషా వాళ్ళ నాయకుడు కూడా మంచిగా ఏమీ చూడలేదు, పాత తేదీ ఫారం మీద ఎస్తర్ చేత సంతకం పెట్టించలేకపోయాడని అతనికి కోపం. ముగ్గురూ మళ్ళీ బస్సుకే వచ్చారు.

అర్జీ కొట్టేశారు. ఆ ఊళ్ళో మళ్ళీ ఓట్లు పెట్టలేదు. ఢిల్లీలో, టీవీలో అరుపులు ఆగలేదు గానీ, ఎర్రమిట్టపల్లెలో బెంచీలు విరగడం ఆగింది. పిల్లలు ఇరవై రెండు మంది దాకా తిరిగొచ్చారు. నలుగురు ఇంకా రాలేదు. మెమో కూడా రాలేదు. పోస్టుమాను సైకిలు వీధిలోకి తిరిగినప్పుడల్లా ఎస్తర్ చేతిలో గరిటె ఆగిపోతుంది.

విచారణ అయిన పది రోజులకు కొత్త బీఎల్వో ఎస్తర్ ఇంటికి వచ్చింది. సచివాలయంలో కొత్తగా చేరిన మసరత్ అనే అమ్మాయి. ఫారం వచ్చింది కాబట్టి ఇంటికొచ్చి విచారించి, ఇద్దరు ఇరుగుపొరుగు సంతకాలు తీసుకోవాలి. ఎస్తర్ ముందర కూర్చుని ఫైలు విప్పింది, మూసింది.

"టీచరమ్మా, నేను ఇదంతా ఆఫీసులోనే రాసేసుకుంటాలే. మీరు ఊరికే సంతకం పెట్టండి."

"వద్దు పాపా. సాక్షులను పిలుచుకోవాల."

ఎస్తర్‌కు తోడుగా వచ్చిన మహబూబ్‌బీ వీధిలోకి పోయి కేకేసింది. ఒక టీ కొట్టు నుంచి వెంకటేష్, ఇంకో టీ కొట్టు నుంచి వలి బాషా వచ్చారు. మొదటి గీత మీద ఎవరు పెట్టాలని వాళ్ళిద్దరూ వాకిట్లోనే మొదలుపెట్టారు.

"నేను ముందొచ్చినా."

"నీది దగ్గర కొట్టు, అందుకే ముందొచ్చినావు. నడిచింది నేను."

"బిన్నా పెట్టండప్పా!" మహబూబ్‌బీ గదమాయించింది. "మీ సంతకాలకు ముహూర్తం చూడాల్నా? ఆడ అంగన్‌వాడీలో స్టవ్వు మీద గుడ్లు ఉడుకుతాండాయి."

సంతకాలు పెట్టి వాళ్ళు పక్కకు జరిగారు. మసరత్ ఫారం వైపు చూస్తోంది, పెన్ను మూత తీయడం లేదు.

"అడుగు పాపా," అంది ఎస్తర్. "అడగాల. నేనూ అడిగినదాన్నే."

అమ్మాయి పెన్ను మూత తీసింది. "ఈ ఇంట్లో... క్రిస్టోఫర్ అనే ఆయన ఉన్నారా?"

ఎస్తర్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "లేడు."

మసరత్ గబగబా రాసుకుంది. తేదీ రాసింది, ఇంకేదో రాసి ఫైలు మూయబోయింది.

"ఒక్కసారి చూపీ." ఎస్తర్ ఫైలు తీసుకుని చదివింది. "చనిపోయిన చోటు ఎర్రమిట్టపల్లె అని రాసినావు. ఈడ కాదు. పులివెందుల."

"అయ్యో, మరిచిపోయినా."

"కొట్టేసి రాయి. కొట్టేసిన చోట పక్కనే నీ సంతకం పెట్టు. లేకపోతే రేపు ఎవరన్నా అడుగుతారు."

అమ్మాయి కొట్టేసి, పులివెందుల అని రాసి, పక్కన సంతకం పెట్టింది. ఎస్తర్ ఇంకోసారి మొదటి నుంచి చదివి, సరిగానే ఉందని ఫైలు తిరిగి ఇచ్చింది.